గాఢనిద్రగారి గురక

"…పోయారేమో అనుకుని ముక్కు కింద వేలు పెట్టి చూశాను, తెలుసా మీకు?"

"ఉన్నానుగా. ఇదిగో, టీ తాగుతున్నాను."

"ఇప్పుడున్నారు. అప్పుడు లేరు. ఇల్లు ఎగిరిపోయేలా ఆ మోత, ఉన్నట్టుండి చప్పుడే లేదు. గొంతులో ఎవరో బిరడా కొట్టినట్టు. నేను భుజం పట్టి కుదిపితే, మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్క ఎగురు ఎగిరి, మళ్లీ మొదలు."

"నిద్రపోయేవాణ్ణి కుదిపితే ఎవడైనా ఎగురుతాడు."

"కుదపకపోతే ఎగరరేమోననే కదా నా భయం!"

ఈ మాటలు జరుగుతున్నది మొదటి అంతస్తులో, వంటింట్లో. వంటింటి కిటికీ కిందే బస్ స్టాప్. పొద్దున్నే అక్కడ నిలబడే నలుగురికీ ఈ కాపురం కంఠతా వచ్చు. బస్సు ఆలస్యమైనా వాళ్లు పెద్దగా విసుక్కోరు.

"అదృష్టవంతురాలమ్మా. మొగుడికి అంత నిద్ర పడుతోంది. మా ఆయన తెల్లార్లూ ఫోను చూస్తూ దొర్లుతాడు" అంది టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకున్నావిడ.

"నిద్ర అంటే ఆయనదే. పెట్టి పుట్టాలి" అన్నాడు పక్కనున్న పెద్దమనిషి.

బస్ స్టాప్‌లో దీని మీద రెండో అభిప్రాయం లేదు. ఆ వీధిలోనూ లేదు. వీధి చివరి పరుపుల దుకాణంలో పనిచేసే ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని ఇప్పుడు ఎవరూ వాడటం లేదు. అందరికీ ఆయన గాఢనిద్ర. మర్యాద తెలిసినవాళ్లకు గాఢనిద్రగారు.

ఆ దుకాణంలోకి ఆయన వచ్చింది మోతగాడిగా. చుట్టిన పరుపులు రెండు ఒకేసారి నెత్తిన పెట్టుకుని మెట్లెక్కగలిగేవాడు. దుకాణం పెట్టిన పెద్దాయన నోటివెంట పొగడ్త రావడమంటే రాతిలోంచి నూనె రావడమే. అలాంటి పెద్దాయన "వీడు రెండు మోస్తాడ్రా" అని నలుగురిలో అన్నాడు. ఆ ముక్క మీదే కుర్రవాడు ఎన్నో ఏళ్లు బతికాడు. తరువాత వెనక గదిలో దూది నింపడం, దబ్బనంతో కుట్టు వేయడం నేర్చుకున్నాడు. అంచు కుట్టు తిన్నగా వేసేవాడు. ఆ తరువాత పెద్దాయన కూతుర్నే చేసుకున్నాడు. "రెండు పరుపులు మోసేవాడికి ఒక పిల్ల బరువా?" అన్నాడు మామగారు. అది ఆయన నోటివెంట వచ్చిన రెండో పొగడ్త. మూడోది రాకుండానే పోయాడు.

మామగారు దుకాణంలో ఒకే ఒక్క కట్టడి పెట్టాడు. 'ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు' అన్న సామెత గడప లోపల ఎవరి నోటా వినపడకూడదు. నిద్ర సుఖమెరగకపోతే పరుపులు ఎవడు కొంటాడని ఆయన ప్రశ్న. న్యాయమైనదే.

ఆయన పోయాక కౌంటర్ మీద కొడుకు కూర్చున్నాడు. అంటే గాఢనిద్రగారి బావమరిది. వయసులో చిన్నవాడు, నోటికి పెద్దవాడు. కూర్చున్న మొదటి ఏడే వీధివైపు గోడ కొట్టించి నిలువెత్తు అద్దం పెట్టించాడు. అద్దం వెనక మంచం, మంచం మీద పరుపు, పరుపు మీద పూల దుప్పటి. బావ మాత్రం వెనక గదిలో, దూది దుమ్ములో, ఎప్పటిలాగే.

ఒకరోజు మధ్యాహ్నం భోజనమయ్యాక, అద్దంలో మంచం మీద దుప్పటి ముడతలు పడిందని బావను సరిచేయమన్నాడు. బావ సరిచేశాడు. అంచున ఒక్క క్షణం కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఒరిగాడు. ఒరిగినవాడు వెల్లకిలా పడ్డాడు. తరువాత మోత మొదలైంది.

అద్దం సన్నగా అదిరింది. దారినపోయేవాళ్లు ఆగారు. ఒకడు నవ్వాడు, ఇంకొకడు ఫోను తీశాడు. బావమరిది కౌంటర్ దిగి, "పరువు తీశాడు" అని పళ్లు కొరుకుతూ లేపడానికి వచ్చాడు. ఈలోగా ఒకావిడ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. కళ్ల కింద నల్లటి చారలు.

"ఆయన పడుకున్నాడే, ఆ పరుపే కావాలి నాకు."

"కొత్తది ఇస్తానమ్మా, అలాంటిదే…"

"అలాంటిది కాదు. అదే. ఎంత హాయిగా నిద్రపోతున్నాడో చూడండి. సిగ్గూ ఎగ్గూ లేకుండా."

బావమరిది చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బావను లేపలేదు. దుప్పటి కాళ్ల మీదికి కప్పాడు.

ఆ వారంలోనే దుకాణం మీద కొత్త బోర్డు లేచింది. 'గాఢనిద్ర. మా గ్యారంటీ.' మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనం తరువాత అద్దంలో పడుకోవడం బావకు ఉద్యోగమైంది. వెనక గది పని పొద్దున, అద్దంలో పని మధ్యాహ్నం. ఇస్త్రీ చేసిన పైజమా వేసుకునేవాడు. మీసానికి రంగు వేసేవాడు. తల దువ్వుకుని, అద్దంలో తన నీడ చూసుకుని, అప్పుడు నడుం వాల్చేవాడు. నిద్రకు ముస్తాబయ్యే మగవాణ్ణి ఆ వీధి అదే మొదటిసారి చూడటం.

ఇలా అంటే ఎగతాళిగా ఉంటుంది కానీ, రెండు పరుపులు మోసిన తరువాత లోకం ఆయన్ని మెచ్చుకున్నది మళ్లీ ఇందుకే. లేచేసరికి అద్దం అవతల జనం ఉండేవారు. వాళ్లకు తల ఊపేవాడు, సభ ముగించిన వక్తలాగా.

"బావా, ఇవాళ రెండు డబుల్ బెడ్లు పోయాయి" అనేవాడు బావమరిది.

"మధ్యలో ఒకసారి తగ్గిందేమో అనిపించింది. వినపడిందా రోడ్డు మీదికి?"

"ఎదురు దుకాణం దాకా వినపడింది. నువ్వు బంగారం బావా."

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఇక్కడ కాకికి ముద్దే. కాకి ఆ పుండును జాగ్రత్తగా పెంచింది కూడా. సాయంత్రం దుకాణం మూసేటప్పుడు బావ చేతిలో ఒక సీసా పెట్టేది. నాలుగు గుక్కలు పడితే మర్నాటికి నిద్ర బాగా ఊరుతుందని బావమరిది సిద్ధాంతం. దుకాణం ఖర్చుల్లో సీసా కూడా దూదీ దారం పక్కనే చేరిపోయింది. బావకు పొట్ట పెరిగింది, మెడ లావెక్కింది, చొక్కా పై గుండీ పెట్టడం మానేశాడు. గురకకు కొత్తగా ఈల ఒకటి తోడైంది.

ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అనలేదు. బయట పల్లకీ మోసినవాళ్లెవరూ ఆ ఇంట్లో పడుకోలేదు. పడుకున్నది భార్య ఒక్కతే. ఆమె ఇంట్లోనే మిషన్ మీద తలగడ గలీబులు కుడుతుంది, దుకాణానికే. మోత ఉన్నంతసేపూ ఆమెకు నిద్ర పట్టదు. మోత ఆగితే అసలే పట్టదు. ఆగిన మోత మళ్లీ వచ్చేదాకా లేచి కూర్చుంటుంది. పగలు కుట్టు మీద కునుకుతుంది. ఒకరోజు మిషన్ సూది గుడ్డతో పాటు ఆమె చూపుడువేల్లోంచీ వెళ్లింది.

వేలికి కట్టు కట్టుకుని, ఆ రోజు ఆమె గట్టిగా అడిగింది.

"ఈ గురకకి ఏదో ఒకటి చేస్తారా, చెయ్యరా?"

"ఏం చేస్తాం? అది దేవుడిచ్చింది."

"దేవుడిచ్చింది మీకు. వింటున్నది నేను."

సలహాలకు లోటు లేదు. బస్ స్టాప్ మొత్తం డాక్టర్లే. ఒకరు ముక్కులో నూనె చుక్కలు వెయ్యమన్నారు. ఒకరు ఆవిరి పట్టమన్నారు. ఒకరు ముక్కుకు పెట్టుకునే క్లిప్పు తెచ్చిచ్చారు. నూనెకు తుమ్ములొచ్చాయి, ఆవిరికి చెమట పట్టింది, క్లిప్పు మొదటి గురకకే ఎగిరి మంచం కింద పడింది. దాన్ని ఆయన వెతకలేదు.

ఆయనకు వీటి మీద నమ్మకం లేదు. చేతిలో దబ్బనం ఉన్నవాడికి లోకంలో ప్రతి జబ్బూ కుట్టు లోపంలాగే కనిపిస్తుంది.

"గురకంటే ఏమిటనుకున్నావు? మెడ కింద ఖాళీ" అన్నాడు భార్యతో. "ఖాళీ నింపితే పోతుంది."

నింపాడు. తలగడ ఎత్తు చేశాడు. తగ్గలేదని ఇంకా ఎత్తు చేశాడు. గడ్డం వెళ్లి రొమ్ముకు తగిలింది. ఉన్న ఇరుకు గొంతు మరీ నొక్కుకుపోయి, ఇంతకుముందు గురకగా ఉన్నది ఇప్పుడు కుక్కర్ కూత అయింది. దూది గట్టిగా పడిందేమోనని దూది మార్చాడు. తలగడ గుండ్రంగా చేశాడు, పలకగా చేశాడు, నడుమ గుంట పెట్టాడు. ఎత్తు తగ్గించాలన్న ఆలోచన మాత్రం రాలేదు. ఆ వంశంలో, ఆ వృత్తిలో, దూది తీసేయడం వల్ల బాగుపడినది ఏదీ లేదు.

పక్కకు తిరిగి పడుకుంటే గురక తగ్గుతుందని, వెల్లకిలా తిరగకుండా బనీను వీపు మీద ఒక బంతి కుట్టుకుంటారని భార్య ఎక్కడో విని వచ్చింది. అది మంచి సలహాయే. ఆయన నవ్వాడు.

"బంతి కుట్టుకుని పడుకోడానికి నేనేమన్నా సర్కస్‌లో ఉన్నానా? పరుపులోనే కుడతాను."

ఒక ఆదివారమంతా కూర్చుని కుట్టాడు. మంచం పొడుగునా, సరిగ్గా నడుమ, పొలం గట్టులాంటి ఎత్తు ఒకటి లేపాడు. దానికి ఈ పక్క భర్త, ఆ పక్క భార్య. గట్టు మీద వెల్లకిలా పడుకోవడం ఎవరి తరం కాదని ఆయన లెక్క. తెల్లవారేసరికి భార్య నేల మీద ఉంది. ఆయన గట్టు మీద వెల్లకిలా ఉన్నాడు, గోడ మీద బల్లిలా పట్టు దొరకబుచ్చుకుని, ఎప్పటి మోతతో.

ఆ పరుపును ఆమె ఇంట్లోంచి గెంటింది. బావమరిది దాన్ని దుకాణంలో పెట్టి, 'గురక నివారణ పరుపు' అని చీటీ అంటించాడు. అద్దంలో గురక చూపించి అమ్మే పరుపూ, అద్దం పక్కన గురక పోగొడతానని అమ్మే పరుపూ. ఒకే కౌంటర్. రెండూ పోయేవి. రెండోది కొన్నవాళ్లు కొన్నాళ్లకు నడుం పట్టుకుని వంకరగా నడుచుకుంటూ వచ్చేవారు.

"వెన్నుపూస అలవాటు పడాలండీ. కొత్త చెప్పులు కరవవూ?" అనేవాడు బావమరిది.

ఇలా ఇంకెంతకాలం సాగేదో. ఒకరోజు సాయంత్రం గాఢనిద్రగారు స్కూటర్ వెనక పరుపు కట్టుకుని ఎవరింటికో ఇవ్వడానికి వెళ్తూ, మలుపు దగ్గర నిద్రపోయాడు. మలుపు తిరగలేదు. తిన్నగా వెళ్లి ఒక ప్రహరీగోడను గుద్దాడు. ఆయన ఒక పక్కకు, పరుపు ఒక పక్కకు ఎగిరి, అదృష్టం బాగుండి ఆయన వచ్చి పరుపు మీదే పడ్డాడు. మోచేయి గీసుకుంది. జనం పరిగెత్తుకొచ్చేసరికి మళ్లీ నిద్రపోయి ఉన్నాడు.

"చూశావా అక్కా, మన పరుపు ప్రాణం కాపాడింది!" అని బావమరిది ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. "ఇది బోర్డు మీద రాయించాలి."

"నువ్వు బయటికి పో" అంది అక్క.

మర్నాడు భర్తను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. గొంతు జబ్బులు చూసే డాక్టరమ్మ సన్నగా ఉంది, మాట కరుకు. ఆయన నోరు తెరిపించి లైటు వేసి చూసింది. మెడ చుట్టూ టేపు పెట్టింది. పగలు ఎక్కడెక్కడ నిద్రపోతారని అడిగింది. మంగలి కుర్చీలో, బ్యాంకు వరుసలో, పళ్లు తోముకుంటూ అని భార్య చెప్పింది. ఆయన అడ్డం వచ్చాడు.

"డాక్టరుగారూ, నిద్ర విషయంలో నాకు లోపమేమీ లేదండి. నా నిద్ర చూసి జనం పరుపులు కొంటారు."

"మీ నిద్రని నేనూ చూశానండీ, ఆ వీధిలోంచి వెళ్తూ" అంది డాక్టరమ్మ. "అది నిద్ర కాదు. ఇరుకు గొంతులోంచి గాలి ఈడ్చుకుంటూ పోతుంటే వచ్చే చప్పుడది. మధ్యమధ్య గొంతు మొత్తం మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది. చచ్చిపోకుండా మీ ఒళ్లు మిమ్మల్ని లేపుతుంది. రాత్రంతా ఇదే పని. మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నేళ్లయిందో మీకే తెలీదు."

ఆయన భార్యవైపు చూశాడు. ఆమె అనాల్సిందంతా వేరెవరో అనేశారు.

ఒంటికి వైర్లు తగిలించి ఒక రాత్రి అక్కడ పడుకోబెట్టి పరీక్ష చేశారు. డాక్టరమ్మ అన్నదే నిజమని తేలింది. బరువు తగ్గాలి. సాయంత్రం సీసా మానాలి. పక్కకు తిరిగి పడుకోవాలి. తలగడ పల్చగా ఉండాలి. ఇవన్నీ చేస్తూనే, పడుకునేటప్పుడు ముక్కుకు మాస్కు తగిలించుకోవాలి. దానికో గొట్టం, గొట్టానికో చిన్న మిషన్. మిషన్ గాలి ఊది గొంతు మూసుకోకుండా చూస్తుంది.

"ఊపిరాగకుండా ఉండాలంటే ఇదే. ఊరికే చప్పుడు తగ్గించుకోవడం కాదు ఇక్కడ పని" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చారు. పట్టా ఇచ్చినవాళ్లే వచ్చి లాక్కున్నట్టు ఉంది ఆయన ముఖం.

"ఏనుగు తొండంలా ఆ గొట్టమేమిటి? నేను పెట్టుకోను."

"సరే. నేను మా పిన్ని ఇంటికి వెళ్తాను. నేను లేపకపోతే మీ అంతట మీరు లేస్తారేమో చూద్దాం."

ఆమె చీరలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది. నిజంగానే సర్దుతోందని రెండో చీరకు అర్థమైంది ఆయనకు. మాస్కు పెట్టుకున్నాడు.

మొదట్లో రోజూ దాన్ని నిద్రలో పీకి పారేసేవాడు. ఆమె మళ్లీ పెట్టేది. తరువాత పీకడం మానేశాడు. బస్ స్టాప్‌లో ఒకరోజు పొద్దున టిఫిన్ డబ్బా ఆవిడ తల పైకెత్తి, "ఏమిటీ, ఇవాళ పైన అలికిడే లేదు? ఊరెళ్లారా?" అంది. ఊరెళ్లలేదు. ఇద్దరూ నిద్రపోతున్నారు.

సరిగ్గా నిద్రపోయిన మనిషికి లోకం చాలా కనిపిస్తుంది. అది అంత హాయిగా ఏమీ ఉండదు. ఆయనకు వంటింట్లో కారుతున్న కుళాయి కనిపించింది. తన పొట్ట కనిపించింది. భార్య తల నెరిసి ఉంది.

"ఇదెప్పుడు నెరిసింది?"

"మీరు నిద్రలో ఉన్నప్పుడు" అందామె, కూర తరుగుతూ.

అసలు చిక్కు దుకాణంలో వచ్చింది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఎప్పటిలాగే పైజమా వేసుకుని అద్దంలో పడుకున్నాడు. నిద్ర రాలేదు. కళ్లు మూసుకున్నాడు. రాలేదు. అద్దం అవతల జనం ఆగారు. ఆయనకు ఆ పాదాల చప్పుడు వినపడింది. ఏదో ఒకటి చెయ్యాలి. నోరు తెరిచి గురక పెట్టాడు.

గురక పెట్టడం అనుకున్నంత తేలిక కాదు. ఇన్నేళ్లు అది దానంతట అది వచ్చింది, ఆయన ఒక్కసారి కూడా వినలేదు. ఎలా ఉంటుందో ఊళ్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

"బావా" అన్నాడు బావమరిది వంగి, చెవి దగ్గర, "అది గురక కాదు. గొంతు సవరించుకుంటున్నట్టుంది. ఇప్పుడేదో ఉపన్యాసం ఇస్తావేమోనని చూస్తున్నారు జనం."

"మరెలా?"

"లోపలికి లాగేటప్పుడు ఈల. వదిలేటప్పుడు గర్జన. మధ్యలో కాసేపు ఆగాలి, పోయాడేమో అనిపించేటట్టు. దానికే పడిపోయేవాళ్లు."

ప్రయత్నించాడు. అద్దం అవతల ఎవరో, "వేషాలేస్తున్నాడ్రా" అన్నారు. జనం కదిలిపోయారు. ఆయనకు చెవులు వేడెక్కాయి. కళ్లు మూసుకునే ఉన్నాడు, తెరిస్తే ఇంకా సిగ్గు.

అలా మేలుకుని, కదలకుండా, మొట్టమొదటిసారి ఆయన ఆ పరుపు మీద పడుకున్నాడు. తుంటి కింద గుంట. భుజం కింద ఏదో గడ్డ. కొంచెం పక్కకు జరిగితే గడ్డ కూడా జరిగింది. ముక్కు దగ్గర పాత తడి వాసన. ఆయన బొటనవేలితో అంచు నొక్కి చూశాడు. నొక్కిన చోటు లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది.

లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లాడు.

"ఇందులో ఏముంది?"

"ఎందులో?"

"పరుపులో."

"పరుపులో పరుపే ఉంటుంది."

"లోపల ఏముందిరా?"

"లోపల కూడా పరుపే బావా. ఏమిటీ ఇవాళ నీకు?"

ఆయన వెనక గదిలోకి వెళ్లి గోనెసంచులు విప్పాడు. ఒకదాంట్లో విరిగిన సోఫాల్లోంచి తీసిన ఫోమ్ నుజ్జు. ఒకదాంట్లో చింకిగుడ్డలు. ఇంకొకదాంట్లో టీవీల పెట్టెల్లో వచ్చే తెల్ల థర్మోకోల్ ముక్కలు, వేలితో నలిపితే పొడి అవుతున్నాయి. పైన మాత్రం ఒక పొర మంచి దూది. తిరిగొచ్చేసరికి బావమరిది కౌంటర్ దిగి నిలబడి ఉన్నాడు.

"ఎప్పటినుంచి?"

"నీ ముందే పోయించాను బావా. దొంగతనంగా ఏమీ చెయ్యలేదు. నువ్వే కుట్టావు. కుట్టు మాత్రం ఎప్పుడూ తిన్నగానే వేశావు, కునుకుతూ కూడా. అది నీ గొప్ప."

"నేను చూడలేదే."

"చూశావు. చూస్తూ ఆవలించావు."

ఆయన చేతులు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో తెల్లటి పొడి. ఎన్నిళ్లల్లో ఎందరు ఆ గడ్డల మీద దొర్లుతూ, లోపం తమ నిద్రదే అనుకుంటున్నారో. కళ్ల కింద నల్లచారలున్న ఆ మొదటావిడ కూడా. ఆయన నోట్లో మాట తయారైంది, కానీ కొనేవాళ్లెవరో వచ్చారు. బావమరిది నవ్వు ముఖం పెట్టాడు. ఆయన వెనక గదిలోకి వెళ్లిపోయాడు. దాన్ని వివేకమనాలో పిరికితనమనాలో ఆ పూట తేలలేదు.

తరువాత కొన్నాళ్లు అద్దంలో మంచం ఖాళీగానే ఉంది. పూల దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. ఎవరూ ఆగలేదు.

తగ్గింపు ధరల వారం దగ్గరపడుతోందనగా, ఒక సాయంత్రం బావమరిది అక్క ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో పళ్లు, ఒక చేతిలో కాగితం చుట్టిన సీసా. పళ్లు అక్క చేతికిచ్చాడు. సీసా బల్ల మీద పెట్టాడు.

"అక్కా, కోప్పడనంటే ఒక మాట."

"కోప్పడతాను. చెప్పు."

"తగ్గింపు అయ్యేదాకా… ఆ మిషన్ కాస్త పక్కన పెడితే. మళ్లీ పెట్టుకోవచ్చు. ఎక్కడికీ పోదుగా."

"ఆయన పోతారు."

"ఇన్నేళ్లు పోయాడా? నాలుగు రోజులు ఊపిరి కాస్త అటూ ఇటూ అయితే…"

"నీ ఊపిరి పెట్టరా అటూ ఇటూ. నువ్వూ లావెక్కావుగా, నువ్వే పడుకో ఆ అద్దంలో."

"పడుకున్నానక్కా" అన్నాడు బావమరిది, మొదటిసారిగా సిగ్గుపడి. "గురక రాలేదు. పైగా ఆ పరుపు మీద నాకు నిద్ర కూడా పట్టలేదు."

గాఢనిద్రగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. బావమరిది కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"అందరూ నిన్నే అడుగుతున్నారు బావా."

"ఎవరడిగారు?"

భార్య చేతిలో పళ్ల సంచి అలాగే ఉంది. ఆయన గొంతు ఆమెకు తెలుసు. ఆ గొంతు నచ్చలేదు.

"ఎవరేమిటి, వీధి వీధంతా. ఎదురు దుకాణంవాడు మధ్యాహ్నం నాకు తోచడం లేదన్నాడు. నిన్న ఇద్దరు బస్సు దిగి మరీ వచ్చారు, ఆయనేడీ అని. ఖాళీ మంచం చూసి వెళ్లిపోయారు."

"బస్సు దిగి వచ్చారా?"

"నీ కోసమే."

"ఏమన్నారు?"

"నీలాంటి నిద్ర ఇంకెక్కడా చూడలేదన్నారు. అసలు నువ్వు లేని దుకాణం దుకాణమే కాదు బావా. నాన్న పెట్టాడు, నేను నడిపాను. నిలబెట్టింది నువ్వు."

ఆయన బల్ల మీది సీసావైపు చూశాడు. కాగితం సగం విప్పి, మళ్లీ చుట్టాడు. తలుపు తెరిచి ఉన్న గదిలో మంచం పక్కన మిషన్, దాని మీద మడిచి పెట్టిన గొట్టం కనిపిస్తున్నాయి. భార్య వెళ్లి ఆ తలుపులో నిలబడింది.

"మీరే చెప్పండి" అంది. "వాడితో కాదు. నాతో చెప్పండి."

ఆయన సీసాను బావమరిది వైపు తోశాడు.

"మిషన్ తియ్యను" అన్నాడు భార్యతో. తరువాత బావమరిది వైపు తిరిగాడు. "రేపు మధ్యాహ్నం అద్దంలోకి వస్తాను. పడుకోడానికి కాదు, కూర్చోడానికి. ఆ పరుపు కుట్లు విప్పి, లోపలున్నదంతా దారినపోయేవాళ్ల ముందే బయటికి తీస్తాను. నువ్వు మంచి దూది తెప్పించి ఉంచు."